పంపని సంబంధం

కోటబొమ్మాళి బజారులో నగరేశ్వరరావు కిరాణా కొట్టు తెలియనివాళ్లు లేరు. నగరేశ్వరరావుకు పెళ్లి కాలేదని తెలియనివాళ్లూ లేరు. ఆ మాటకొస్తే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఫోను ఉన్న వైశ్యుల ఇళ్లన్నిటికీ ఆ సంగతి తెలుసు. అతని బయోడేటా ఎనిమిదేళ్లుగా వాళ్ల ఫోన్లలో తిరుగుతూనే ఉంది మరి.

ఆ బయోడేటా వాళ్లమ్మ పార్వతీదేవి రాయించింది. జిరాక్సు షాపులో పంతంగా కూర్చుని, పైన వినాయకుడి బొమ్మ పెట్టించి, పక్కన కొడుకు నీలం చొక్కా ఫోటో అతికించి, వయసు ముప్పైమూడు, సొంత కొట్టు, సొంత ఇల్లు, ఏ అలవాట్లూ లేవు అని టైపు చేయించింది. ఎత్తులో ఒక అంగుళం సొంతంగా కలిపింది. మంచి రోజు చూసి వధూవరుల గ్రూపులో పెట్టించింది. ఆవిడ పోయి రెండేళ్లయింది. బయోడేటాలో మాత్రం ఆవిడ బతికే ఉంది, కొడుకు ముప్పైమూడులోనే ఆగిపోయి ఉన్నాడు. ఒకసారి గ్రూపులోకి వదిలిన దాన్ని వెనక్కి పిలవడం ఎవరి తరమూ కాదు. బరంపురంలో ఎవరో దాచుకున్నది రాజాంలో ఎవరికో పంపుతారు. రాజాం నుంచి అది తిరిగి తిరిగి నగరేశ్వరరావుకే వస్తుంది, కింద "మీకు తెలిసిన అమ్మాయి ఉంటే చెప్పగలరు" అన్న ముక్కతో. తన సంబంధం తనకే వచ్చిన మనిషి ఏం చేస్తాడు? నోరు మూసుకుని పప్పు తూస్తాడు.

గోత్రం పెండ్లికుల. ఆ గోత్రం పెట్టుకుని పెళ్లి కాకుండా మిగిలినందుకు బజారులో నడిచిన పరాచికాలన్నీ రాయాలంటే ఇక్కడ చోటు చాలదు. అందరితోపాటు అతనూ నవ్వేవాడు. నవ్వకపోతే ఇంకో పరాచికం పుడుతుందని భయం.

నిరుడు వేసవిలో ఒక మధ్యాహ్నం, ఎండకు బజారు ఖాళీ అయి, అతను షట్టరు సగం దించి కూర్చున్న వేళ, తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది.

"కోటబొమ్మాళి నగరేశ్వరరావుగారేనాండీ? మీకు వయసు పెరగదేటండీ?" అంది ఒక ఆడగొంతు.

"ఎవరండీ?" అన్నాడు.

"మాది పాతపట్నం. నా పేరు సింధు. నాలుగేళ్ల కిందట మీ బయోడేటా మాకొచ్చినాది. అప్పుడూ ముప్పైమూడే. ఇయ్యాళ మళ్లీ వచ్చినాది, ఇప్పుడూ ముప్పైమూడే. మా అమ్మ మీ ఫోటో సూసి తెగ ముచ్చటపడిపోనాది, పాపం గోత్రం సూసుకోలేదు. మీదీ మాదీ ఒకటే గోత్రం. అంచేత నేను సంబంధానికి సెయ్యలేదండి ఫోను. పాతది తీసేసి కొత్తది పెట్టుకోండి, లేపోతే మోసం అనుకుంటారు, అదీ సెప్దారని."

"తీసేద్దారనే ఉన్నాదండి. ఎక్కడెక్కడ ఉన్నాదో నాకే తెలీదు."

అవతల గొంతు నవ్వింది. "నాదీ అంతే లెండి. నాకు ఇంకా ఇరవైతొమ్మిదే."

సింధుకు అప్పటికి ముప్పైఆరు. పాతపట్నం బజారులో ఆమెకు ఆన్‌లైన్ సెంటరు ఉంది. పరీక్షల ఫలితాలు, హాల్ టికెట్లు, రైలు టికెట్లు, అడంగల్ కాపీలు, ఎవరికేది కావలసినా ఇంటర్నెట్టులో వెతికి ప్రింటు తీసి ఇస్తుంది. తెలుగువాళ్లతో తెలుగు, సరిహద్దు దాటి వచ్చేవాళ్లతో ఒరియా. తండ్రి లేడు, తోడబుట్టినవాళ్లు లేరు. తల్లీ తనూ. ఊరందరికీ వెతికిపెట్టే పిల్లకి సంబంధం వెతికిపెట్టే మనిషి లేకపోయాడు.

నాలుగు రోజుల తర్వాత ఆమే వివరాలన్నీ అడిగి అతనికి కొత్త బయోడేటా తయారుచేసి పంపింది. వయసు నలభై ఒకటి. ఎత్తులో అమ్మ కలిపిన అంగుళం పోయింది. తల్లి పేరుకు ముందు కీర్తిశేషులు అని చేరింది. ఆ మాట దగ్గర నగరేశ్వరరావు చూపు ఆగిపోయింది. అంత్యక్రియలు చేసింది తనే, సంవత్సరీకాలు పెట్టింది తనే. అయినా అమ్మ పోయిందని ఆ మధ్యాహ్నం కొత్తగా తెలిసినట్టయి, షట్టరు వెనకాల కూర్చుని ఏడ్చాడు.

అక్కడినుంచి ఇద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది. "నువ్వు నాకు సూడు, నేను నీకు సూస్తాను అన్నయ్యా" అంది సింధు. ఒకే గోత్రమంటే అన్నాచెల్లెళ్ల వరస. మిగతా కులాల సంగతేమో గాని, ఈ ఒక్క విషయంలో వైశ్యులు ఎవరి మాటా వినరు. అంగుళం ఎక్కువ చెప్పినా ఊరుకుంటారు, వయసు తక్కువ చెప్పినా ఊరుకుంటారు, గోత్రం కలిసిందంటే మాత్రం చాప చుట్టేయడమే. అంచేత ఆ అన్నయ్య అన్న మాట చాలా మర్యాదైన మాట. ఆ మాట విన్న ప్రతిసారీ నగరేశ్వరరావుకు లోపల ఎక్కడో చురుక్కుమనేది. ఆ సంగతి ఎవరికి చెప్పుకుంటాడు?

పని మాత్రం ఇద్దరూ పోలీసుల్లా చేసేవారు. సింధుకు ఎవరిదైనా బయోడేటా వస్తే ఇతనికి పంపేది. ఇతను ఫోనులో మ్యాపు తెరిచి ఆ పెళ్లికొడుకు కొట్టు ఎక్కడుందో చూసేవాడు. దాని పక్క కొట్టు నంబరు పట్టుకుని, సరుకు బేరంలాగా మాట కలిపి, కూపీ లాగేవాడు. రైసుమిల్లు యజమానినని రాసుకున్న ఒకాయన మిల్లు మ్యాపులో చూస్తే, గేటుకు తాళం, తాళం ముందు మేక. ఇంకొకాయన ఫోటోలో భుజం మీద నాలుగు వేళ్లు మిగిలిపోయాయి, గోళ్ల రంగుతో సహా. మిగతా మనిషిని కత్తిరించేశారు. ఆ వేళ్లు ఎవరివో సింధు ఫేస్‌బుక్కులో వెతికి పట్టుకుంది. పెళ్లాంవి. ఆ రోజు ఇద్దరూ ఫోనులో పడీ పడీ నవ్వారు.

"ఏటి బాబూ, నీలో నువ్వే నవ్వుకుంటన్నావు? నేను పసుపుకొమ్ములు అడిగి ఎంతసేపైనాది!" అని, రోజూ సరుకులకొచ్చే అసిరమ్మ సగం షట్టరు కిందనుంచి తల దూర్చి కసిరింది.

రోజూ మధ్యాహ్నం ఆ వేళకు ఫోను మోగేది. చూడవలసిన సంబంధం ఉన్నా లేకపోయినా మోగేది. "ఏటి వొండుకున్నావు అన్నయ్యా?" అని అడిగేది. అమ్మ పోయాక ఆ ప్రశ్న అడిగిన మనిషి సింధు ఒక్కతే. ఆమెకు చెప్పడానికని అతను చారు మానేసి కూరలు వండడం నేర్చుకున్నాడు. ఒకరి ముఖం ఒకరు ఎదురుగా చూడలేదు. చూడవలసిన అవసరం ఏముంది? వయసూ ఎత్తూ నక్షత్రంతో సహా ఒకరి గురించి ఒకరికి అన్నీ తెలుసు.

శ్రావణమాసంలో విజయనగరం హోల్‌సేలు వ్యాపారి కూర్మయ్య దగ్గరనుంచి ఒక బయోడేటా వచ్చింది. నగరేశ్వరరావు సరుకు తెచ్చుకునేది ఆయన దగ్గరే, మావయ్యా అని పిలుస్తాడు. దాని వెంటే ఆయన ఫోను చేశాడు.

"మా మేనల్లుడురా, మోహనకృష్ణ. ఇద్దరు సెల్లెళ్ల పెళ్లిళ్లు సేసేసరికి ఈడి వయసు ముదిరిపోనాది. గ్రూపుల్లో పెడితే ఆడికి సిరాకు. సంతలో పశువుని నిలబెట్టినట్టు ఉంటాదంటాడు. అందుకని నీకొక్కడికే పంపేను. నీకు తెలిసిన మంచి పిల్ల ఉంటే సెప్పు."

నగరేశ్వరరావు బయోడేటా తెరిచి చూశాడు. ముప్పైతొమ్మిదేళ్లు. విజయనగరంలో మందుల కొట్టు. గోత్రం వేరు. పెళ్లయ్యాక అత్తగారు కూడా తమతోనే ఉండవచ్చని కింద ఒక వాక్యం రాసి ఉంది. ఎనిమిదేళ్లలో అన్ని వందల బయోడేటాలు చూసినవాడు అలాంటి వాక్యం ఎక్కడా చూడలేదు. సింధుకు సరిగ్గా సరిపోయిన సంబంధం. అయినా లోపం దొరుకుతుందేమోనని, సరుకుకు విజయనగరం వెళ్లినప్పుడు ఆ మందుల కొట్టు ముందు నిలబడి చూశాడు. ఒక ముసలాయన ఏ మాత్ర పొద్దున్న, ఏ మాత్ర రాత్రి అని అడిగిందే అడుగుతున్నాడు. మోహనకృష్ణ విసుక్కోకుండా చెప్పిందే చెప్పి, చివరికి కవర్ల మీద పొద్దు బొమ్మా చంద్రుడి బొమ్మా గీసి ఇచ్చాడు. నగరేశ్వరరావు తలనొప్పి మాత్ర ఒకటి కొనుక్కుని తిరుగు రైలెక్కాడు. లోపం దొరకలేదన్న దుఃఖంతో ఇల్లు చేరాడు.

పంపడానికి ఒక్క వేలు చాలు. ఆ వేలు లేవలేదు.

శుక్రవారం పంపుదామనుకున్నాడు. శుక్రవారం వచ్చాక, పౌర్ణమి వెళ్లాక పంపుదామనుకున్నాడు. ఇంకా విచారించాలి అనుకున్నాడు, తొందరపడితే పిల్ల గొంతు కోసినట్టవుతుంది అనుకున్నాడు. ఇవన్నీ అబద్ధాలని అతనికి తెలుసు. సంబంధం కుదిరితే మధ్యాహ్నం ఫోను మోగదు, అదొక్కటే నిజం. కడుపు మాడుతున్నవాడి చేత వడ్డన చేయించకూడదంటాను నేను. కాని ఆ మోహనకృష్ణ మొహమాటం వల్ల గరిటె ఇతనొక్కడి చేతిలోనే పడింది.

"ఏవైనా వొచ్చేయా అన్నయ్యా?" అని సింధు అడిగేది.

"ఏటీ రాలేదు."

"కొత్తవేవీ లేవా?"

"ఉంటే పంపనా?" అనేవాడు. అన్నాక లేచి కుండలో నీళ్లు తాగేవాడు.

వినాయకచవితి వెళ్లింది, దసరా వెళ్లింది. కూర్మయ్య రెండుసార్లు అడిగాడు. "సూస్తన్నాను మావయ్యా" అని రెండుసార్లూ తప్పించుకున్నాడు.

కార్తీకమాసంలో ఒక మధ్యాహ్నం సింధు ఫోను చేసింది. ఏం వండుకున్నావని అడగలేదు.

"అన్నయ్యా, గ్రూపులన్నిట్లోంచీ బయటికొచ్చేసేను."

"ఏటైనాది?"

"ఏటీ అవలేదు. పొద్దున్న ఒకావిడ సెంటరుకొచ్చినాది, ఇచ్ఛాపురం వైపావిడ. కొడుక్కి సంబంధాలంట. ఫోనులో ఉన్న ఆడపిల్లల బయోడేటాలు ప్రింటు తియ్యమన్నాది. ఒక్కొక్కటే తీస్తన్నాను. అందులో నాదొచ్చినాది."

నగరేశ్వరరావు చేతిలో పొట్లం కింద పెట్టాడు.

"పాతది, ఇరవైతొమ్మిదేళ్లది. ఆవిడ నా పక్కనే నిలబడున్నాది, నన్ను గుర్తుపట్టనేదు. తెర మీద నా ఫోటో సూసి, ఇది వొద్దమ్మా, తీసీ, ఎప్పట్నించో తిరుగుతన్నాది, కాయితం దండగ అన్నాది. సరేనమ్మా అని తీసేసి, మిగతావి ప్రింటు కొట్టి ఇచ్చేను."

అంత మామూలు గొంతుతో చెప్పింది. ఏడ్చినా బాగుండేది అనిపించింది అతనికి.

"ఇంక సాలన్నయ్యా. వెతికింది సాలు. అమ్మకీ సెప్పేసేను. మనిద్దరం ఇలగే ఉండిపోదాం. మజ్జాన్నం పూట ఇలగ ఒక్క గంట మాటాడుకుందాం. నాకది సాలు."

శ్రావణం నుంచి అతను దేవుణ్ణి అడగకుండా అడుగుతున్నది ఇదే. పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టు వచ్చింది. సరే అంటే చాలు. కాని ఆ గొంతులో ఉన్నది ఏమిటో అతనికి బాగా తెలుసు. తన బయోడేటా తనకే వచ్చిన రోజున అతనికీ అలాగే ఉంటుంది. ఇంకొక మనిషికి, అదీ ఈ మనిషికి, ఆ గతి తన చేతులతో తను పట్టించాడు. ఈ పిల్ల కాయితం దండగ అనిపించుకుంటున్న వేళ, అత్తగారిని కూడా తెచ్చుకోమన్న మనిషి తన జేబులో పడి ఉన్నాడు. నగరేశ్వరరావుకు తన మీద తనకు అసహ్యం వేసింది.

"ఉండు" అన్నాడు. ఫోను చెవి దగ్గరనుంచి తీసి, కూర్మయ్య పంపినది వెతికి, పంపేశాడు. "ఒకటొచ్చినాది. సూడు."

"వొద్దన్నాను కదా అన్నయ్యా."

"నామాట విని ఈ ఒక్కటీ సూడు."

అవతల ప్రింటరు ఏదో తిరుగుతున్న శబ్దం వినిపించింది.

"అమ్మని కూడా రమ్మన్నాడు" అంది సింధు చివరికి. అప్పుడు ఏడ్చింది. ఏడ్చి, "ఎప్పుడొచ్చినాది ఇది?" అంది.

"ఇప్పుడే. పొద్దున్న" అన్నాడు నగరేశ్వరరావు.

కుదరవలసినది కుదరడానికి ఎన్ని రోజులు కావాలి? పెద్దవాళ్లు చూసుకున్నారు, జాతకాలు కలిశాయి, మాఘమాసంలో ముహూర్తం పెట్టారు. మధ్యాహ్నం ఫోను మొదట్లో మోగింది, విజయనగరం విశేషాలతో. తర్వాత రెండు రోజులకోసారి మోగింది. తర్వాత ఇతనే చేస్తే, వేరే కాల్‌లో ఉన్నారని చెప్పే గొంతు వినిపించేది. ఆ గొంతు తెలుగులో చెప్పి ఇంగ్లీషులో చెప్పేదాకా విని పెట్టేసేవాడు. మళ్లీ చారు అన్నానికి దిగాడు. షట్టరు సగం దించడం మానేశాడు. అసిరమ్మ ఆశ్చర్యపోయి, "ఏటి బాబూ, ఈమద్దిన మజ్జాన్నం కూడా తెరుస్తన్నావు" అంది.

పెళ్లి పది రోజులుందనగా సింధు వచ్చింది. బస్సు దిగి దారి అడుగుతూ వచ్చి కొట్టు ముందు నిలబడింది. ఫోటోలో కంటే సన్నగా ఉంది, చెవుల దగ్గర రెండు మూడు తెల్లవెంట్రుకలు. అతను గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. కూర్చోమనడం కూడా మరిచిపోయాడు.

ఆమె పసుపు పూసిన శుభలేఖ తక్కెడ పక్కన పెట్టింది.

"కూర్మయ్యగారు మాటల్లో సెప్పేరు" అంది. "శ్రావణంలోనే నీకు పంపేరంట కదా."

నగరేశ్వరరావు కందిపప్పు బస్తాలో చెయ్యి పెట్టి, పప్పు పట్టుకుని, వదిలి, మళ్లీ పట్టుకున్నాడు. తల ఎత్తలేదు.

"నిన్ను తిడదారని బయలెల్లేను. టెక్కలి దాకా బస్సులో తిట్లే కూర్చుకున్నాను. ఆవిడ కాయితం దండగ అన్ననాడు కూడా ఆ సంబంధం నీ దగ్గరే ఉన్నాది కదా, ఎలగ ఊరుకున్నావు అని అడగాలనుకున్నాను."

"అడుగు" అన్నాడు మెల్లగా.

సింధు కొట్టు లోపలికి చూసింది. వెనక గదిలో గ్యాసు పొయ్యి, దాని పక్కన బోర్లించిన ఒక కంచం, ఒక గ్లాసు. గోడకు పార్వతీదేవి ఫోటో. అంతకంటే ఆ గదిలో చూడడానికి ఏమీ లేదు. ఆమె అదే చాలాసేపు చూసింది.

"అడగను" అంది. "నువ్వూ సెప్పొద్దు. సెప్తే, ఇన్నాళ్లూ మనం మాటాడుకున్నదంతా వేరేగా అయిపోతాది. నాకది ఇష్టం లేదు."

అతను తల ఊపాడు.

"పేలాలు పొయ్యడానికి నాకు అన్నదమ్ములెవరూ లేరు. పురోహితుడు సగోత్రం వాడైతే సాలన్నాడు. నువ్వు రావాల."

హోమం దగ్గర పెళ్లికూతురి దోసిట్లో పేలాలు పోయవలసింది తోడబుట్టినవాడు. అది శిక్షో, క్షమించడమో, నిజంగానే వేరే దిక్కులేకపోవడమో నగరేశ్వరరావు తేల్చుకోలేకపోయాడు. ఆమె ముఖం చూస్తే మూడూ ఉన్నట్టే అనిపించింది.

"వస్తాను" అన్నాడు.

ఉదయం ముహూర్తం. నగరేశ్వరరావు ముందు రోజే ప్యాసింజరెక్కి విజయనగరం చేరాడు. మగపెళ్లివారు బావమరిదికి పెట్టే బట్టలు అతనికి పెట్టారు. మోహనకృష్ణ స్వయంగా వచ్చి, "బావగారూ, మీరే లేకపోతే మాకు ఇదంతా లేదు" అని చేతులు పట్టుకున్నాడు. చెడ్డవాడైనా బాగుండేదని నగరేశ్వరరావు ఆ క్షణాన నిజంగా అనుకున్నాడు. అనుకుని సిగ్గుపడ్డాడు.

"పెళ్లికూతురి అన్నగారు రావాలండీ" అని పురోహితుడు కేకేశాడు. అతను కొత్త పంచె సర్దుకుని వెళ్లి, పేలాల పళ్లెం పట్టుకుని సింధు పక్కన నిలబడ్డాడు. ఆమె దోసిలి పట్టింది. ఆ చేతుల కింద మోహనకృష్ణ చేతులున్నాయి. నగరేశ్వరరావు గుప్పెడు తీసి పోశాడు. ఎన్నేళ్లుగానో రోజూ గుప్పెళ్లతో సరుకు పోస్తున్న చెయ్యి, అయినా కొలత తప్పింది. కొన్ని పేలాలు పీట మీద పడ్డాయి. సింధు తల ఎత్తకుండా, అతనికొక్కడికే వినిపించేలా, "నెమ్మదిగా పొయ్యన్నయ్యా" అంది. రెండోసారి సరిగ్గా పోశాడు. మూడోసారి మిగిలినవన్నీ పోశాడు. ఆమె వాటిని మంటలో వదిలింది. అవి చిటపటలాడి నల్లబడ్డాయి.

పొగ వల్ల కళ్లు మండుతున్నాయని అందరూ అనుకునే చోటు అది. అందుకని అతను కళ్లు తుడుచుకోలేదు.

"అన్నగారి పని అయిపోయిందండి" అన్నాడు పురోహితుడు పళ్లెం అందుకుంటూ. "వెళ్లి కూర్చోండి."

నగరేశ్వరరావు మండపం దిగాడు. ఆడపెళ్లివారి వైపు కుర్చీల్లో అతనికి తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. ఎక్కడ కూర్చోవాలో తెలియక, కుర్చీల మధ్య దారిలో కొంతసేపు అలాగే నిలబడిపోయాడు.